నూటికి పాతిక

గోదాము తలుపుకి లోపల గడియ పడి ఉంది. బయట ఎక్కాలు రెండు చేతులతోనూ బాదుతోంది.

“అన్నయ్యా, తలుపు తియ్యి. నీకే చెప్తున్నా.”

లోపల ఏదో బరువైన ఇనుము బల్ల మీద దిగిన చప్పుడు, దాని వెంటే ఆమె మొగుడి అరుపు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ మనిషి గొంతు పైకి లేవగా ఆమె వినలేదు. ఇనుప కొట్టుకి వచ్చి కేకలేసేవాళ్ళతో కూడా “మెల్లగా చెప్పండి, నాకు వినబడుతోంది” అనే రకం. ఇప్పుడు వీధి చివరిదాకా వినబడేలా అరుస్తున్నాడు.

పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. ఇప్పుడు పది కావస్తోంది. చిన్న కొట్టు పద్దుల్లో ఏడాదికి రెండు లక్షలు తక్కువ వచ్చాయని, అవి ఎక్కడున్నాయో ఆ కొట్టు నడిపే అల్లుడే చెప్పాలని ఆమె అన్న పెద్దబాబు తేల్చేశాడు. ఆ ఇంట్లో పెద్దబాబు ఒకటి తేల్చాక ఇంకొకరు తేల్చడానికి ఏమీ మిగలదు.

వదిన వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుంది. “ఊరుకో ఎక్కాలూ. నువ్వు బాదేకొద్దీ ఆయనకి ఇంకా పట్టుదల వస్తుంది. కోపం దిగాక తనే తీస్తాడు.”

“కోపం దిగేసరికి లోపల మనిషి మిగలాలి కదా వదినా.”

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కింది పెదవి మీద గాటు ఇంకా పచ్చిగానే ఉంది. మెట్ల మీద జారిపడ్డానని పోయిన వారం అందరికీ చెప్పింది. ఆ ఇంటి మెట్లకి ఆడవాళ్ళ మీదే ఎందుకు కక్షో ఎవరూ అడగలేదు.

కొట్టుకీ గోదాముకీ మధ్య నడవాలో నాన్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు షట్టరు దించేసి ఉంది కాబట్టి నడవా అంతా మసక చీకటి. ఎక్కాలు వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“నాన్నా, నువ్వు ఒక్క కేక వెయ్యి. నీ మాట వింటాడు.”

నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. “తీసినవాడు ఒప్పుకుంటే అయిపోయేదానికి ఇంత దూరం ఎందుకు రావాలి చెప్పు.”

“ఆయన తీశాడని నువ్వు నమ్ముతున్నావా?”

“పద్దులు అలా చెప్తున్నాయి.”

“నేను నిన్ను అడిగాను నాన్నా. పద్దుల్ని కాదు.”

లోపల చప్పుడు. అరుపు. ఈసారి అరుపు మధ్యలోనే తెగిపోయింది. అరిచేటప్పుడు కన్నా ఆగిపోయినప్పుడే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

వెనక గేటు వైపు పోతే హమాలీలు ఆపేస్తారు. ఆమె లేచి కొట్టులోకి వెళ్ళి, అమ్మకానికి పెట్టిన పలుగుల్లోంచి ఒకటి లాక్కొచ్చింది. ఇనుప సామాన్ల కొట్టులో పుట్టి పెరిగిన పిల్ల. గడియ ఎంత గట్టిదైనా ఈ తలుపు బందులు బయటివైపే ఉన్నాయని ఆమెకి తెలుసు. పై బందు కింద పలుగు మొన దూర్చి, ఒంటి బరువంతా వేసి ఒక్క ఊపు ఊపింది. పాత చెక్క. మరలు చెక్కతో సహా ఊడి వచ్చాయి. కింది బందుకి రెండు ఊపులు పట్టింది. తలుపు పక్కకి వాలిపోయింది.

లోపల, మేకులు తూచే బల్ల మీద అల్లుడి కుడిచెయ్యి తాడుతో కట్టేసి ఉంది. ఆయన నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. బల్ల మీది చేతికి చూపుడువేలూ బొటనవేలూ మాత్రం వేళ్ళలా ఉన్నాయి. మిగతా మూడూ వేళ్ళలా లేవు. పక్కనే ఐదు కిలోల తూకపు రాయి ఉంది.

పెద్దబాబు చొక్కా చేతులు మడిచి, చెమట తుడుచుకుంటున్నాడు. కూలిపని చేసినవాడిలా అలిసిపోయి ఉన్నాడు.

“వచ్చావా. రా. నీ మొగుడి గొప్ప నువ్వూ విందువుగాని.”

ఎక్కాలు పలుగు ఎత్తి అన్న భుజం మీద కొట్టింది. తల మీదే కొట్టాలనుకుంది. ఆఖరి క్షణంలో చెయ్యి పక్కకి పోయింది. ఆ తరవాత చాలాసార్లు, ఎందుకు పోయిందా అని తనని తాను తిట్టుకుంది.

పెద్దబాబు ఒక్క అరుపు అరిచి వంగిపోయాడు, కానీ పడలేదు. రెండో దెబ్బ పడేలోపే పలుగు పట్టుకుని, ఆమెని జుట్టుతో సహా లాగి మేకుల బస్తాల మీదికి విసిరేశాడు. ఒక బస్తా పగిలింది. మేకులు గలగలమంటూ ఆమె వీపు కిందికి జారాయి. లేవబోతుంటే డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. ఊపిరి అందక ఆమె నోరు తెరుచుకుని ఉండిపోయింది.

“నా మీద చెయ్యెత్తుతావే? దొంగని ఇంట్లో పెట్టుకుని, నా మీద చెయ్యెత్తుతావా?”

“ఆయన... దొంగ కాదు.”

“అడుగు. వాణ్ణే అడుగు. పొద్దున్నుంచి కాదన్నాడు, అరగంట క్రితం ఒప్పుకున్నాడు.”

ఎక్కాలు పాకుతూ వెళ్ళి బల్ల దగ్గర తాడు ముడి విప్పింది. ముడి బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. చెయ్యి విడిపోయాక అల్లుడు దాన్ని పొట్టకి అదుముకుని ముడుచుకుపోయాడు.

“ఏవండీ. నాకేసి చూడండి. తీశారా?”

ఆయన చూడలేదు.

“చూడక్కర్లేదు. చెప్పండి చాలు.”

“తీశాను” అన్నాడు నేలకేసి చూస్తూ.

నిజం చెప్పాలంటే ఎక్కాలు నమ్మింది. ఎంతసేపని అడిగితే చెప్పడం కష్టం గానీ నమ్మింది. ఎనిమిదేళ్ళు పక్కన పడుకున్న మనిషి తనకి తెలియకుండా రెండు లక్షలు ఎక్కడ దాచాడు, ఎవరి కోసం దాచాడు, ఇంకెవరైనా ఉన్నారా అన్నంత దూరం వెళ్ళిపోయింది మనసు. వదిన తలుపు దగ్గరే నిలబడిపోయింది. నాన్న ఆవిడ వెనక ఉన్నాడు, లోపలికి రాలేదు.

“రుజువు లేకుండా చెయ్యెత్తే మనిషినా నేను?” పెద్దబాబు పెట్టె మీంచి పొడుగాటి పుస్తకం తీసి ఆమె ముందు పడేశాడు. “చదువుకో. నెలవారీగా రాశాను. ఎర్ర సిరాతో ఉన్నదంతా నీ మొగుడు మింగింది.”

ఆ పుస్తకాలు ఒకప్పుడు గుమాస్తా పక్కన కూర్చుని ఆమే రాసేది. చిన్నప్పుడు తూకపు బల్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు అడిగిన ఎక్కమల్లా అప్పజెప్పేది. దాంతో అసలు పేరు కాగితాల్లోనే మిగిలిపోయి, ఎక్కాలు అన్నదే పిలుపైంది. పెళ్ళి కుదిరిన రోజున పద్దులు ఆమె చేతిలోంచి లాక్కున్నారు. పరాయింటికి పోయే పిల్లకి కొట్టు పద్దులు ఎందుకన్నారు. పోయినేడాది గుమాస్తా మానేశాక అవి పెద్దబాబు చేతికి వెళ్ళాయి. ఇప్పుడు ఆ పరాయింటివాడే వీళ్ళ చిన్న కొట్టు నడుపుతున్నాడు. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఏడుస్తూనే చదివింది. కన్ను చెమ్మగిల్లినా అంకె కనబడితే దాన్ని వదలని అలవాటు ఆమెది.

మొదటి నెల అమ్మకం రెండు లక్షల ఎనభై వేలు. రావలసిన లాభం డెబ్బై వేలు. వచ్చింది యాభై ఆరు వేలు. తక్కువ, పద్నాలుగు వేలు.

తరవాతి నెల అమ్మకం మూడు లక్షల అరవై వేలు. తక్కువ, పద్దెనిమిది వేలు.

ఆపై నెల నాలుగు లక్షల ఇరవై వేలు. తక్కువ, ఇరవయ్యొక్క వేలు.

ఆమె పెదవులు కదిలాయి. “పద్నాలుగు ఇరవైలు రెండువందల ఎనభై. పద్దెనిమిది ఇరవైలు మూడువందల అరవై. ఇరవయ్యొకటి ఇరవైలు నాలుగువందల ఇరవై.”

“ఏంటే గొణుగుతున్నావు?”

ఆమె పేజీలు తిప్పింది. పన్నెండు నెలలూ చూసింది. చిల్లర మహా అయితే వందా రెండువందలు అటూ ఇటూ. పుస్తకం మూసి, మోచేతుల మీద లేచి కూర్చుంది. వీపుకి గుచ్చుకున్న మేకు ఒకటి తీసి పక్కన పడేసింది.

“నీ దొంగ చాలా నియమం గలవాడు అన్నయ్యా.”

“ఏమిటి?”

“ఎక్కువ అమ్మిన నెల ఎక్కువ తీశాడు. తక్కువ అమ్మిన నెల తక్కువ తీశాడు. ఏ నెల చూసినా అమ్మకంలో నూటికి ఐదు. నాలుగున్నర లేదు, ఐదున్నర లేదు. ఏ దొంగయినా నెలాఖరున కూర్చుని, నా వంతు నూటికి ఐదు అని లెక్కేసుకుని గల్లాపెట్టెలో చెయ్యి పెడతాడా?”

పెద్దబాబు పుస్తకం లాక్కున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. “తెలివైనవాడు. పట్టుబడకుండా అలా తీశాడు.”

“తెలివైనవాడైతే ఒక నెల మానేసేవాడు. ఆయనకి ఒంట్లో బాగోక పదిరోజులు కొట్టు మూసిన నెలక్కూడా నూటికి ఐదే ఉంది చూడు.”

ఆమె పాకుతూ వెళ్ళి అరలోంచి ఒక తాళం తీసింది. మామూలు తాళం, అట్టపెట్టెలో ఉన్నది. బల్ల మీద, నెత్తురు లేని చోట పెట్టింది.

“ఇది ఎంతకి కొన్నాం?”

“ఇప్పుడు తాళాల గొడవేమిటి?”

“చెప్పు.”

“వంద.”

“ఎంతకి అమ్ముతాం?”

“నూటపాతిక. చంటిపిల్లని అడిగినా చెప్తుంది.”

“లాభం?”

“పాతిక.”

“మన దగ్గర బేరం లేదు. ఒకటే ధర. కాబట్టి పాతికే వచ్చింది, ఒక పైసా ఎక్కువా లేదు తక్కువా లేదు. అవునా? ఇప్పుడు నీ ఫోన్ తీసి, నువ్వు పద్దు రాసేటప్పుడు ఏం నొక్కుతావో అదే నొక్కు. నూటపాతిక అమ్మకానికి పాతిక శాతం ఎంతో చూడు.”

పెద్దబాబు నొక్కాడు. ఎందుకు నొక్కాడో అతనికే తెలీదు. గెలుస్తాననే అనుకుని ఉంటాడు. తెర మీద అంకె చూసి ఫోన్ బోర్లించాడు.

“పైకి చదువు.”

“ముప్పై ఒకటీ పావు.”

“వచ్చింది పాతిక. నీ ఫోన్ రావాలంటున్నది ముప్పై ఒకటీ పావు. మధ్యలో ఆరుంబావు తక్కువ. ఎవరు తిన్నారు అన్నయ్యా? నా మొగుడు తిన్నాడా? తాళం తిన్నదా?”

“ఫోన్ తప్పు చెప్తుందా?”

“నువ్వడిగింది చెప్తుంది. కొన్న వంద మీద అడగాల్సింది, అమ్మిన నూటపాతిక మీద అడిగావు. పన్నెండు నెలలు అలాగే అడిగావు. రాని డబ్బుని రావలసిన డబ్బని రాసుకున్నావు. ఏడాది అమ్మకం నలభై లక్షలు. దాన్లో నూటికి ఐదు రెండు లక్షలు. ఆ రెండు లక్షలు ఎక్కడా లేవు. ఎప్పుడూ లేవు. ఈ పుస్తకంలో ఎర్ర సిరాలోనే ఉన్నాయి.”

పెద్దబాబు తలుపు వైపు తిరిగాడు. “నాన్నా. నూటికి పాతిక వేసుకోమని నువ్వే కదా చెప్పావు?”

“చెప్పాను.”

“దేని మీద?” అని ఎక్కాలు అడిగింది.

నాన్న తూకపు బల్లకేసి చూశాడు.

“దేని మీద నాన్నా? నాకు ఏడేళ్ళప్పుడు ఈ బల్ల మీదే కూర్చోబెట్టి చెప్పావు. కొన్న ధర నాలుగు భాగాలు చెయ్యి, ఒక భాగం పైన కలుపు అన్నావు. అవునా కాదా?”

“కొన్నదాని మీదే” అన్నాడు నాన్న. “ఎప్పుడైనా కొన్నదాని మీదే.”

“ఈ లెక్కలో తప్పు నీకు ఇప్పుడే తెలిసిందా?”

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు.

“ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసినవాడివి. ఎర్ర సిరా చూడగానే తెలిసి ఉండాలి. పొద్దున్నే తెలిసిందా నాన్నా? మొదటి వేలు పోకముందే తెలిసిందా?”

“ఇంట్లో అందరి ముందూ పెద్దాడిది తప్పని ఎలా చెప్పను?” నాన్న గొంతు పీలగా వచ్చింది. “ఒకటి రెండు దెబ్బలేసి ఊరుకుంటాడనుకున్నాను.”

“ఏంటి?” అంటూ పెద్దబాబు ఒక్క అడుగు ఆయన వైపు వేశాడు.

అంతే. నాన్న రెండు చేతులూ చటుక్కున ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకి నక్కాడు. దెబ్బ పడలేదు. పెద్దబాబు చెయ్యి కూడా లేవలేదు. కానీ ఆ చేతులు లేచిన తీరు అలవాటైన తీరు. వదిన కళ్ళు దించుకుంది. ఆవిడకి ముందే తెలుసు. కూతురికి మాత్రం అప్పుడే తెలిసింది. కొట్టు పేరు చెబితే వీధంతా లేచి నిలబడే మనిషి, సొంత ఇంట్లో కొడుకు అడుగు చప్పుడికి బెదురుతున్నాడు. ఆయన మీద ఆమెకి జాలి కలిగింది. అసహ్యం కూడా కలిగింది. ఏది ముందో ఆమె చెప్పలేకపోయింది.

“ఇంకొకటి ఉంది” అంది ఆమె, నిలబడి. డొక్క పట్టేసి సగం వంగే నిలబడింది. “పెద్ద కొట్టు నీ చేతిలో ఉంది. ఏడాది అమ్మకం కోటి. దానికీ ఇదే లెక్క కట్టు. రావలసిన లాభం పాతిక లక్షలు. వచ్చింది ఇరవై. నూటికి ఐదు చొప్పున ఐదు లక్షలు తక్కువ. నా మొగుడు రెండు లక్షలకి మూడు వేళ్ళు ఇచ్చుకున్నాడు. నువ్వు ఐదు లక్షలకి ఎన్ని ఇస్తావు?”

పెద్దబాబు ఫోన్‌ని గోడకేసి కొట్టాడు. అది ముక్కలై బస్తాల మధ్య పడింది. ఇంకేదైనా విసరడానికి చుట్టూ చూశాడు, దొరకలేదో, చేతకాలేదో, పెట్టె మీద కూలబడ్డాడు.

బయట బజారులో ఎవరిదో బండి హారను మోగుతూనే ఉంది.

ఎక్కాలు కొంగు చింపి మొగుడి చేతికి చుట్టింది. చుట్టేకొద్దీ తడిసిపోతోంది. “లేవండి. ఆసుపత్రికి పోదాం. లేవగలరా?”

ఆయన లేవలేదు.

“ఏవండీ, అయిపోయింది. ఇంక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. లెక్క తేలిపోయింది.”

“గుమాస్తాగారు” అన్నాడాయన.

“ఆయనకేం?”

“ఆయన దగ్గరికి ఎవరినైనా పంపు. త్వరగా.”

ముప్పై ఏళ్ళు ఈ కొట్టులోనే పద్దులు రాసి, చూపు మందగించి పోయినేడాది మానేసిన మనిషి ఆ గుమాస్తా. పిండిమర వెనక సందులో భార్యతో ఉంటున్నాడు. ఇద్దరే. ఈ గొడవలో ఆయన పేరెందుకు వచ్చిందో ఎక్కాలుకి అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అర్థమయ్యాక ఆమె చేతుల్లో ఉన్న కట్టు జారిపోయింది.

“ఆయన పేరు చెప్పారా?”

“తీశానని ఒప్పుకున్నా ఊరుకోలేదు. ఎవరి దగ్గర దాచావో చెప్పమన్నాడు. మళ్ళీ రాయి ఎత్తాడు. ఏదో ఒక పేరు చెప్పకపోతే...”

“ఆయన పేరే ఎందుకు?”

అల్లుడు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. “ఆయన్నయితే కొట్టరనుకున్నాను. పెద్దవాడు కదా. ఊరికే అడిగి వదిలేస్తారనుకున్నాను.”

ఎక్కాలు అన్న వైపు తిరిగింది. “ఎవరిని పంపావు?”

“ముగ్గురు హమాలీలు వెళ్ళారు” అన్నాడు పెద్దబాబు తల ఎత్తకుండా. “అరగంటయింది.”

“ఫోన్ చెయ్యి. ఆగమని చెప్పు.”

హమాలీల నంబర్లున్న ఫోన్ గోడ కింద ముక్కలుగా ఉంది. అందరూ అటే చూశారు.

అప్పుడే గోదాము వెనక గేటు తోసుకుని ఒక హమాలీ లోపలికి వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. ఊడిన తలుపు, చిందిన మేకులు, నెత్తురు చూసి, ఎవరికి చెప్పాలో తెలీక పెద్దబాబు ముందే సంచి పెట్టాడు.

“ఇచ్చేశాడు బాబూ. ముందు నాకేం తెలీదని ఏడ్చాడు. మీరు చెప్పినట్టే చేశాం. తరవాత తనే పెట్టె తెరిపించాడు. లక్షా నలభై వేలున్నాయి. మిగతా అరవై వారంలో ఇస్తానని రాసిచ్చాడు.”

పెద్దబాబు మెల్లగా సంచి విప్పాడు. నోట్లు. పాతవి, రబ్బరు పట్టీలు వేసినవి, ఒక కట్టకి మందుల చీటీ చుట్టి ఉంది. వాటికేసి చూస్తుంటే అతని వీపు నిటారు కావడం ఎక్కాలు చూసింది. ఒక్కో నోటుకీ వేలెడు చొప్పున పెరిగి మళ్ళీ పెద్దబాబు అవుతున్నాడు.

“చూశావా?” అన్నాడు. “చాలా బాగా చెప్పావే లెక్క. తాళం తిన్నదా అని అడిగావు. లేని డబ్బయితే ఈ సంచిలోకి ఎలా వచ్చింది?”

“అది ఆయన సొంత డబ్బు అన్నయ్యా. భార్య కంటి ఆపరేషనుకి దాచుకున్నది. వీధిలో ఎవరినడిగినా చెప్తారు.”

“తియ్యనివాడు ఎందుకిస్తాడు? నా మీద ప్రమాణం చేసి చెప్పు, ఎందుకిస్తాడు?”

ఆమెకి దానికి లెక్క లేదు. బల్ల మీద పెట్టి చూపించడానికి తాళం లేదు. మొగుడి చెయ్యి చూపించింది. “ఇందుకు.”

“గుమాస్తా ఎలా ఉన్నాడు?” అని వదిన అడిగింది. ఆ పూట ఆవిడ నోరు విప్పి అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది.

హమాలీ మెడ రుద్దుకున్నాడు. “గోడకి ఆనించి కూర్చోబెట్టాం అమ్మా. పక్కకి ఒరిగిపోయాడు. మళ్ళీ కూర్చోబెట్టాం. మళ్ళీ ఒరిగిపోయాడు.”

నాన్న గోడ విడిచి రెండడుగులు ముందుకు వచ్చాడు. డాక్టర్ని పిలవమంటాడనుకుంది ఎక్కాలు. కూతురు కదా, అనుకోవడం మానలేదు.

“ఎవరైనా చూశారా?” అని అడిగాడు నాన్న.

“ఆయన భార్య ఉంది అయ్యా. ఆమెకి సరిగ్గా కనబడదు గానీ, గొంతులు గుర్తుపట్టే ఉంటుంది.”

పెద్దబాబు లేచాడు. “పద. నేనొచ్చి మాట్లాడతాను ఆవిడతో.” ఆ మాట్లాడటం ఎలా ఉంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆ డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలని ఎక్కాలు సంచి లాక్కుంది. పెద్దబాబు ఆమె జుట్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగాడు. చెంప మీద కొట్టాడు. రెండోసారి కొట్టేసరికి ఆమె చెవిలో హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. మూడో దెబ్బ రాలేదు. కిందికి చూసింది. అల్లుడు నేల మీద నుంచి ఎడమచేత్తో పెద్దబాబు కాలు చుట్టేసి, మడమ మీద పళ్ళు దింపి ఉన్నాడు. పెద్దబాబు రెండో కాలితో ఆయన తల మీద తన్నుతున్నాడు. అల్లుడు వదల్లేదు. ముఖం నేలకి రాసుకుపోతున్నా వదల్లేదు. పొద్దున్నుంచి చెయ్యలేని పని ఇప్పుడు చేస్తున్నాడు. ఇప్పుడు చెయ్యడం వల్ల తన ప్రాణానికి ఏ లాభమూ లేదని తెలిసి కూడా చేస్తున్నాడు.

“పో” అన్నాడు పళ్ళ సందులోంచి.

ఆమె ఆగింది. ఎవరి దగ్గర ఉండాలో, ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో వదిన వచ్చి మొగుడి రెండో కాలిని కావిలించుకుని కూర్చుంది. అది చూశాక ఎక్కాలు సంచితోనే వెనక గేటులోంచి పరుగెత్తింది.

చెప్పుల్లేవు. చింపిన కొంగు, నెత్తుటి చేతులు, డొక్కలో పోటు. బజారులో జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు గానీ ఎవరూ ఏమిటని అడగలేదు. పిండిమర దాటి సందులోకి తిరిగింది. మిగిలిన ఇద్దరు హమాలీలూ గుమాస్తా గుమ్మం ముందు నిలబడి బీడీలు కాలుస్తున్నారు. ఆమె చేతిలో కొట్టు సంచి చూసి, యజమాని పంపిందనుకుని తప్పుకున్నారు.

ఒకటే గది. ట్రంకుపెట్టె తెరిచి ఉంది, గుడ్డలన్నీ నేల మీద ఉన్నాయి. గోడ పక్కన గుమాస్తా ఒరిగి ఉన్నాడు. కళ్లజోడు ఒక చెవికి వేళ్ళాడుతోంది. ఛాతీ కదులుతోందో లేదో గుమ్మంలోంచి తెలియలేదు.

ఆయన ముందు ఆయన భార్య నిలబడి ఉంది. కనబడని కళ్ళు గుమ్మం వైపు తిప్పి, రెండు చేతులూ చాపి, ఆయనకి అడ్డంగా నిలబడింది.

“ఎవరూ?”

“నేనండీ. ఎక్కాలుని. పెద్ద కొట్టువాళ్ళ...”

ఆ పేరు వినగానే ఆవిడ చేతులు దిగిపోయాయి. చెవి దగ్గర తడుముకుంది. ఒక కమ్మ అప్పటికే తీసి పిడికిట్లో పట్టుకుని ఉంది. రెండోదాని శీల తిరగడం లేదు. ఆవిడ గట్టిగా లాగేసింది. చెవి తెగింది. రెండు కమ్మలూ అరచేతిలో పెట్టి, గొంతు వచ్చిన దిక్కుగా చాపింది.

“మిగతా అరవైకి వచ్చావా అమ్మా? ఇవి తీసుకెళ్ళు. ఎంతకి తూగితే అంతకే జమ రాసుకోండి. తక్కువైనదానికి నూటికి ఎంత వడ్డీ అంటే అంత ఇస్తాను, నెలనెలా ఇస్తాను. ఆయన్ని మాత్రం ఇంక కొట్టొద్దని చెప్పు తల్లీ.”